సంతకం పెట్టేముందు

మా చెల్లెలి కూతురు చిట్టికి 12 ఏళ్ళు. 2025 ఏప్రిల్‌లో ఒక శనివారం పొద్దున అది రెండో ప్రపంచయుద్ధం నాటి ఫైటర్ విమానం ఎక్కి ఇరవై నిమిషాలు ఆకాశంలో తిరిగొచ్చింది. దిగగానే అన్న మొదటిమాట "ఆకలేస్తోంది". మేం పెద్దవాళ్ళం మాత్రం అంతకుముందు మూడు వారాలు సరిగ్గా తినలేదు, పడుకోలేదు. ఒకరితో ఒకరం మాట్లాడుకోని రోజులు కూడా ఉన్నాయి.

ఆ మూడు వారాల గురించే ఈ నాలుగు మాటలు. విమానాల గురించి నాకు తెలిసింది తక్కువ. మాది హైదరాబాదులో అల్వాల్. డాబామీద వడియాలు పెట్టుకుంటుంటే హకీంపేట వైపు నుంచి శిక్షణ విమానాలు నెత్తిమీదుగా పోతుంటాయి. తలెత్తి ఒకసారి చూడటం, కాకులు రాకుండా మళ్ళీ వడియాలకి కాపలా కాయడం, అంతే. కానీ పిల్లలకి "వద్దు" అని చెప్పడంలో మాత్రం నాకు ఇరవై రెండేళ్ళ అనుభవం ఉంది. నేను చెప్పదలచుకున్నది దాని గురించే.

మా చెల్లి వాళ్ళు ఉండేది అమెరికాలో, డాలస్ పక్కన. అమ్మా నేనూ మార్చిలో వెళ్ళాం. వాళ్ళింటికి దగ్గర్లో ఒక చిన్న విమానాశ్రయం ఉంది. మన శంషాబాదులాంటిది కాదు. ఒక రన్‌వే, పక్కన రేకుల షెడ్లు, షెడ్లలో సొంత విమానాలు. అక్కడ ఈ.ఏ.ఏ. అనే విమానప్రియుల సంస్థ వాళ్ళు 'యంగ్ ఈగల్స్' అని ఒక కార్యక్రమం నడుపుతారు. 1992లో మొదలైందట. 8 నుంచి 17 ఏళ్ళ పిల్లల్ని పైలట్లు తమ సొంత విమానాల్లో ఉచితంగా ఒకసారి ఎక్కించి తిప్పుతారు. ఇప్పటికి ఇరవై లక్షల మందికి పైగా పిల్లలు ఎక్కారు. ఇంతకీ అందులో చేరడానికి కావలసింది ఒక్కటే, అమ్మదో నాన్నదో సంతకం. చిట్టి తొమ్మిదో ఏట అలా ఒక చిన్న సెస్నా విమానం ఎక్కింది. అప్పటినుంచి శనివారం వచ్చిందంటే అక్కడికి పోవలసిందే.

ఆ షెడ్లలో ఒకదానిలో డెబ్భై దాటిన ఒక పెద్దాయన ఉన్నాడు. ఆయన దగ్గర ఉన్నది పి-51 మస్టాంగ్ అనే పాత ఫైటర్. చిట్టి పోయి గుడ్డ పట్టుకుని దాని పొట్టకింద కారిన నూనె తుడుస్తుంది. ఇంట్లో తన కంచం తీయమంటే పది నిమిషాలు పట్టే పిల్ల, అక్కడ రెండు గంటలు ఒంగుని తుడుస్తుందని మా చెల్లి వాపోయేది. ఆరునెలలు అలా పనిచేశాక ఆయన అన్నాడట, "మీ అమ్మానాన్న ఒప్పుకుంటే ఒకసారి నిన్ను తిప్పుతాను" అని. డబ్బు పెట్టి ఎక్కాలంటే ఇలాంటి విమానంలో అరగంటకే వేల డాలర్లు. ఈయన ఊరికే తిప్పుతానన్నాడు.

చిట్టి గంతులేసుకుంటూ వచ్చి చెప్పింది. అక్కడినుంచి మొదలైంది.

మా మరిది ఆ క్షణంలోనే ఒప్పుకున్నాడు. ఫోను తీసి, లోపల కెమెరా పెట్టుకోవచ్చేమో కనుక్కోమన్నాడు. ఆఫీసులో ఎవరి పిల్లలకీ ఇలాంటి వీడియో లేదట. మా అమ్మ ఆ క్షణంలోనే కాదంది. "యుద్ధంలో మనుషుల్ని చంపిన విమానంలో పసిపిల్లనా?" అని లేచి గదిలోకి పోయింది. విజయవాడ నుంచి చిట్టి నాయనమ్మ ఫోనులో, "ఆడపిల్లకి ఏ కాలో చెయ్యో విరిగితే రేపు ఎవరు బాధ్యులు?" అంది. మా చెల్లి ఏమీ అనలేదు. నన్ను అడిగింది, "అక్కా, నువ్వేమంటావే?"

"వద్దు" అన్నాను. ఆలోచించి అన్నది కాదు. నోట్లోంచి దానంతట అదే వచ్చేసింది.

నా భయానికి కారణం లేకపోలేదు. 2022 నవంబరు 12న అదే డాలస్‌లో పాత యుద్ధవిమానాల ప్రదర్శన జరిగింది. అందులో పి-63 కింగ్‌కోబ్రా అనే పాత ఫైటరూ, బి-17 అనే పెద్ద బాంబరూ అందరూ చూస్తుండగా గాలిలో గుద్దుకున్నాయి. రెండిట్లోనూ కలిపి ఆరుగురు చనిపోయారు. ఆ వీడియో మీలో చాలామంది వాట్సాప్‌లో చూసే ఉంటారు. నేనూ చూశాను. చిట్టి ఆ ఊళ్ళోనే, అలాంటి విమానమే ఎక్కుతానంటోంది. ఇంక వేరే ఏం చెప్పాలి?

మా చెల్లి మాత్రం వద్దనలేదు, సరేననలేదు. రాత్రి అందరూ పడుకున్నాక కంప్యూటర్ ముందు కూర్చుంది. అక్కడ ఏ విమానప్రమాదం జరిగినా విచారించి నివేదిక ఇచ్చే ప్రభుత్వ సంస్థ ఒకటుంది. డాలస్ ప్రమాదం మీద వాళ్ళ నివేదిక 2024 చివర్లో వచ్చింది. అది వెతికి చదివింది. మర్నాడు కాఫీ తాగుతూ నాకు చెప్పింది. ఏ విమానం ఏ ఎత్తులో, ఎంత ఎడంలో ఉండాలో ముందుగా అనుకుని, పైలట్లందరికీ చెప్పి ఎగరవలసింది. అలాంటి సరైన ఏర్పాటు చేసుకోకుండా, గాలిలో ఉండగా ఎప్పటికప్పుడు చెబుతూ సర్దుకుపోదామని అనుకున్నారు. అసలు లోపం అక్కడుంది.

"అంటే ముందు అడగవలసినవి అడగలేదన్నమాట. చెప్పవలసినవి చెప్పలేదన్నమాట" అంది మా చెల్లి. "నేను అడుగుతానే అక్కా. అడిగాక అప్పుడు చూద్దాం."

ఒక తెల్లకాగితం తీసుకుని ప్రశ్నలు రాసుకుంది. సామాన్లచీటీ రాసుకున్నట్టే. ఆయన మొత్తం ఎన్ని గంటలు నడిపాడని కాదు, ఈ రకం విమానమే ఎన్ని గంటలు నడిపాడు? ఏటా చేయించవలసిన తనిఖీ చివరిసారి ఎప్పుడైంది, ఆ పుస్తకం చూపిస్తారా? ఆయన ఆరోగ్యం ఎలా ఉంది, డాక్టరు పరీక్ష ఎప్పుడైంది? ఇంజను ఆగిపోతే ఏం చేస్తారు, ఎక్కడ దింపుతారు? పిల్ల తనంతట తాను బెల్టు విప్పుకోగలదా? పక్కన ఇంకో విమానం ఎగురుతుందా? పల్టీలు కొడతారా? గాలి ఎంత ఉంటే మానేస్తారు? చివరి ప్రశ్న చిట్టి గురించి. ఎక్కి కూర్చున్నాక పిల్ల వద్దంటే ఏం చేస్తారు?

నాకు కాస్త సిగ్గేసింది కూడా. ఊరికే తిప్పుతానన్న పెద్దమనిషిని ఇన్ని ప్రశ్నలడిగితే ఏమనుకుంటాడు? మన దగ్గరైతే "నమ్మకం లేకపోతే పంపొద్దులెండి" అనేస్తారు. పెళ్ళికొడుకు గురించి నాలుగు ప్రశ్నలడిగితేనే మొహం ముడుచుకుంటారు.

ఆయన అలా ఏమీ అనలేదు. కుర్చీలు వేసి మమ్మల్ని కూర్చోబెట్టాడు. పుస్తకాలు తెచ్చి ముందు పెట్టాడు. ఒక్కొక్కదానికీ జవాబు చెప్పి, ఆఖర్న "ఇవి అడగని వాళ్ళ పిల్లల్ని నేను ఎక్కించుకోను" అన్నాడు. మా మరిది పక్కకి చూశాడు. నేనూ పక్కకే చూశాను. ఇద్దరం అడగనివాళ్ళమేగా. ఆయన అడక్కుండా సరేనన్నాడు, నేను అడక్కుండా వద్దన్నాను.

అడక్కుండా సరేనంటే ఏమవుతుందో చెప్పే కథ ఒకటి అమెరికాలోనే ఉంది. 1996లో జెసికా డుబ్రాఫ్ అని ఏడేళ్ళ పాప. విమానం నడుపుతూ దేశం ఈ చివర నుంచి ఆ చివరకి పోయిన అతి చిన్న పిల్ల అనిపించుకోవాలని తండ్రితో, శిక్షకుడితో కలిసి బయల్దేరింది. టీవీలవాళ్ళు వెంటబడ్డారు. రెండో రోజు, ఏప్రిల్ 11న, వయోమింగ్ రాష్ట్రంలో షెయెన్ అనే ఊళ్ళో ఉరుములూ వానా మొదలవుతుంటే, మోయవలసిన దానికన్నా ఎక్కువ బరువుతో విమానం లేచింది. లేచీ లేవగానే పడిపోయింది. ముగ్గురూ పోయారు. ఆ తరవాత పిల్లలచేత ఇలాంటి రికార్డు ప్రయత్నాలు చేయించకుండా అక్కడ చట్టమే చేశారు. ఇది ఒక పిచ్చి తండ్రి కథ అని పక్కన పెట్టేయలేం. పిల్ల సరదా ఎక్కడ ఆగిందో, పెద్దవాళ్ళ గొప్ప ఎక్కడ మొదలైందో ఆ ఇంట్లో ఎవరికీ తెలిసి ఉండదు. రియాలిటీ షోల్లో పసిపిల్లలచేత అర్థరాత్రి దాకా పాటలు పాడించే మనకీ అది అంత సులువుగా తెలియదు. అందుకే మా చెల్లి ఒక షరతు పెట్టింది. ఆ రోజు వీడియో తీయకూడదు. మా మరిది రెండు రోజులు మూతి ముడుచుకుని, ఆఖరికి సరేనన్నాడు.

ఆ విమానం సంగతి కొంచెం చెప్పాలి. చిట్టి చెప్పగా చెప్పగా నాకూ వంటపట్టింది. మస్టాంగ్ మొదటిసారి ఎగిరింది 1940 అక్టోబరు 26న. బ్రిటన్‌వాళ్ళు మాకు ఫైటర్లు కావాలంటే అమెరికాలో నార్త్ అమెరికన్ అనే కంపెనీ నెలల్లో తయారుచేసిందట. తరవాత దానికి ఇంగ్లండువాళ్ళ రోల్స్ రాయిస్ మెర్లిన్ ఇంజను పెట్టారు. అదే ఇంజను అమెరికాలో ప్యాకార్డ్ అనే కార్ల కంపెనీ తయారుచేసేది. పన్నెండు సిలిండర్లు. గంటకు 700 కిలోమీటర్ల వేగం. ఇంగ్లండులో లేచి బెర్లిన్ దాకా బాంబర్లకి కాపలాగా పోయి తిరిగి రాగలిగేది. 15,000కు పైగా తయారుచేశారు. యుద్ధం అయిపోగానే చాలావాటిని తుక్కుకింద వేశారు. మిగిలినవే ఇప్పుడు ఇలా ఒక్కొక్కరి షెడ్లో ఉన్నాయి.

అది ఒక్కడు కూర్చునే విమానం. పైలట్ వెనకాల పెద్ద పెట్రోలు ట్యాంకు ఉండేది. ఇప్పుడు దాన్ని తీసేసి ఆ చోట్లో చిన్న సీటు వేశారు. మా చిట్టి కూర్చునేది ఆ ట్యాంకు ఉన్న చోట. ఈ సంగతి అమ్మకి చెప్పొద్దని నేనూ చెల్లీ ఒట్టు పెట్టుకున్నాం.

మా అమ్మ భయం వేరు. మా అమ్మమ్మ వాళ్ళది కాకినాడ. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. అప్పటికి మా అమ్మమ్మకి పదేళ్ళు. ఆ సాయంత్రమే ఇంటికి తాళం వేసి, బియ్యం మూటా దేవుడి పెట్టే పట్టుకుని, ఎడ్లబండి కట్టించుకుని పిఠాపురం పక్క పల్లెకి పోయారట. ఎన్నో ఏళ్ళ తరవాత కూడా విమానం మోత వినబడితే అమ్మమ్మ చేస్తున్న పని ఆపి నిలబడిపోయేది. మా అమ్మ అది చూస్తూ పెరిగింది. ఆమెకి యుద్ధవిమానమంటే మ్యూజియం వస్తువు కాదు. వాళ్ళమ్మ మొహం. ఇది పాతకాలపు చాదస్తం అని కొట్టిపారేస్తే తప్పు నాదే అవుతుంది.

చిట్టి నాయనమ్మ మాటకి మాత్రం జవాబు చిట్టే చెప్పింది. ఆ పెద్దాయన దానికి చెప్పిన కథ అది. యుద్ధకాలంలో అమెరికాలో వాస్ప్ అని ఆడపైలట్ల దళం ఉండేది. డాలస్‌కి పడమరగా స్వీట్‌వాటర్ అనే ఊళ్ళో వాళ్ళకి శిక్షణ. పాతికవేల మంది దరఖాస్తు పెడితే 1,074 మంది శిక్షణ పూర్తిచేశారు. ఫ్యాక్టరీలో తయారైన విమానాలను స్థావరాలకు చేర్చడం, కొత్త సైనికులు తుపాకులు కాల్చడం నేర్చుకోవడానికి తమ విమానం వెనక గుడ్డ లక్ష్యాలు కట్టి లాగడం, ఇలాంటి పనులన్నీ చేశారు. నిజం తూటాలే. మస్టాంగులూ నడిపారు. వాళ్ళలో 38 మంది చనిపోయారు. అయితే వాళ్ళని సైన్యంలో భాగంగా లెక్కవేయలేదు. చనిపోయిన పిల్ల శవాన్ని ఇంటికి పంపడానికి ప్రభుత్వం డబ్బివ్వలేదు. తోటి ఆడపిల్లలే చందాలు వేసుకుని పంపేవారు. 1944 డిసెంబరులో దళాన్ని రద్దుచేసి ఇంటికి పొమ్మన్నారు. వాళ్ళూ సైనికులేనని ఒప్పుకోవడానికి 1977 దాకా పట్టింది.

ఇదంతా చిట్టి స్పీకరుఫోనులో నాయనమ్మకి చెప్పింది. అటునుంచి కాసేపు మాట లేదు. తరవాత ఆవిడ అడిగింది, "అయితే వాళ్ళమ్మలు ఒప్పుకున్నారుటే?"

మంచి ప్రశ్న. కొందరు ఒప్పుకునే ఉంటారు. ఒప్పుకోని అమ్మల పిల్లలు ఏమయ్యారో మనకి తెలియదు. వాళ్ళ పేర్లు ఏ మ్యూజియంలోనూ ఉండవు.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఒప్పుకోని అమ్మని నేనే కాబట్టి.

మా అమ్మాయి డిగ్రీలో ఎన్‌సీసీ ఎయిర్ వింగులో చేరింది. రెండో ఏడు ఒకరోజు కాగితం పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. మైక్రోలైట్ అనే చిన్న విమానంలో, పక్కన శిక్షకుడితో ఎక్కే అవకాశం. అమ్మానాన్నల అనుమతి కావాలి. నేను పోపు పెడుతున్నాను. కాగితం వైపు చూడనైనా చూడలేదు. "అలాంటివేం వద్దు, పరీక్షలు చూసుకో" అన్నాను. ఆయన్ని అడగనా అంటే, "నాన్నని అడిగినా ఇదే మాట" అన్నాను. అది ఆ కాగితం మడిచి పుస్తకంలో పెట్టుకుంది. మళ్ళీ ఎత్తలేదు. ఆ ఏడాది చివర ఎన్‌సీసీ మానేసింది. చదువు ఎక్కువైందేమో అనుకున్నాను. అలా అనుకోవడం నాకు సుఖంగా ఉండింది.

తమాషా ఏమిటంటే, అదే పిల్ల పదో తరగతిలో ఉండగా తమ్ముణ్ణి వెనక ఎక్కించుకుని హెల్మెట్ లేకుండా స్కూటీ మీద ట్యూషనుకి పోయేది. తాళం చెయ్యి నేనే తీసిచ్చేదాన్ని. చిన్నప్పుడు పన్నెండుమంది పిల్లల్ని కుక్కిన ఆటోలో బడికి పంపాను. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,000 మందికి పైగా చనిపోయారు. అవి నాకెప్పుడూ భయం వేయలేదు, రోజూ చూసేవి కాబట్టి. విమానం రోజూ చూసేది కాదు కాబట్టి భయం. ప్రమాదం ఎంతో మనం కొలవడం లేదు, అలవాటు ఉందా లేదా అని మాత్రం చూస్తున్నాం.

పాత విమానంలో ప్రమాదం లేదని నేననడం లేదు. ఉంది. ఎనభై ఏళ్ళ ఇంజను అది. మా చెల్లికీ ఆ సంగతి తెలుసు. ఆమె అడిగిన ప్రశ్నలకి ఒక్క జవాబు తేడాగా వచ్చినా పంపేది కాదు. అప్పుడు ఆమె చెప్పే "వద్దు"కీ నా "వద్దు"కీ తేడా ఉండేది. చిట్టికి ఎందుకు వద్దో తెలిసేది. రేపు అది పెద్దయ్యాక దేనికి ఏం అడగాలో తెలిసేది. నా కూతురికి నేను నేర్పింది ఏమిటి? అమ్మని అడిగితే లాభం లేదని. అంతే.

ఆ శనివారం పొద్దున అమ్మ విమానాశ్రయానికి రానంది. మేం నలుగురమే వెళ్ళాం. ఆయన విమానం చుట్టూ తిరిగి ఒక్కొక్కటీ చేత్తో తాకి చూసుకున్నాడు. చిట్టికి వీపున పారాచూట్ కట్టి, బెల్టు నాలుగుసార్లు తనచేతే విప్పించి, పెట్టించాడు. రెక్కల ముందంచున మూడేసి కన్నాలున్నాయి. అవేమిటని నేను అడగలేదు, చిట్టే అడిగింది. "తుపాకులుండేవి. ఒక్కో రెక్కకి మూడు" అన్నాడు. "మనుషుల్ని కాల్చడానికా?" అంది. ఆయన మాట మార్చలేదు. "అవును. ఇది అందుకోసం తయారైంది. ఆ సంగతి తెలిసి ఎక్కాలి" అన్నాడు.

తరవాత దాన్ని అడిగాడు, "ఇప్పుడు వద్దనిపిస్తోందా? అనిపిస్తే దిగిపోవచ్చు. నాకు కోపం రాదు." చిట్టి కాసేపు ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది. "వెళ్దాం" అంది.

ఇంజను అంటుకున్నప్పుడు ముందు దగ్గినట్టు చప్పుడు, గుప్పున పొగ, ఆ తరవాత నేల అదిరింది. ముక్కు పైకెత్తి ఉంటుంది కాబట్టి నేలమీద పోతున్నప్పుడు పైలట్‌కి ఎదుట ఏమీ కనబడదట. అందుకని పాములా అటూ ఇటూ తిప్పుకుంటూ నడిపాడు. రన్‌వే చివరికి పోయి తిరిగి, మా ముందునుంచి దూసుకుపోయి లేచింది. మా చెల్లి నా చెయ్యి పట్టుకుంది. గోళ్ళు గుచ్చుకున్నాయి. భయం లేక పంపలేదది. నాకున్నంత భయమూ దానికీ ఉంది. ఇరవై నిమిషాలు ఆ చెయ్యి వదల్లేదు. మా మరిది ఫోను జేబులోంచి తీయకుండా మాట నిలబెట్టుకున్నాడు. మెడ నొప్పిపుట్టేదాకా ఆకాశంలోకే చూస్తూ నిలబడ్డాడు.

పల్టీలు లేవు, వేషాలు లేవు. చక్కగా పోయి చక్కగా వచ్చింది. దిగింది, ఆకలంది.

ఇంటికి వచ్చేసరికి అమ్మ పులిహోర కలిపి పెట్టింది. అడుగుదామా వద్దా అన్నట్టు చిట్టి చుట్టూ తిరుగుతోంది. చిట్టి రెండు ముద్దలు తిని అంది, "అమ్మమ్మా, పైనుంచి ఇళ్ళు కనిపించాయి, కార్లు కనిపించాయి. మనుషులు మాత్రం కనిపించలేదు. అస్సలు కనిపించలేదు."

అమ్మ గరిటె పక్కన పెట్టింది. "అందుకే వేయగలిగారమ్మా" అంది.

అప్పుడు దాని పక్కన కూర్చుని కాకినాడ సంగతి మొత్తం చెప్పింది. తాళం, ఎడ్లబండి, బియ్యం మూట, దేవుడి పెట్టె. మాక్కూడా ఎప్పుడూ అంత వివరంగా చెప్పలేదు. చిట్టి తినడం మానేసి వింది. విమానం ఎక్కకపోతే చిట్టి ఆ మాట అనేది కాదు, అమ్మ ఈ కథ చెప్పేదీ కాదు. యుద్ధం మంచిదనో విమానం గొప్పదనో అనుకుంటూ అది పడుకోలేదు. "మీ అమ్మ మళ్ళీ కాకినాడ ఎప్పుడెళ్ళింది?" అని అడుగుతూ పడుకుంది.

నేను బయటికి వచ్చి మా అమ్మాయికి ఫోను చేశాను. బెంగళూరులో ఉద్యోగం దానికి. అక్కడ అప్పటికి అర్థరాత్రి. "ఏమైందమ్మా?" అంది కంగారుగా. "ఏమీ కాలేదు. ఆ ఎన్‌సీసీ కాగితం, నేను సంతకం పెట్టవలసింది" అన్నాను. అది చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "నువ్వు వద్దన్నావని కాదమ్మా నాకు బాధ. కాగితం చదవనైనా లేదు నువ్వు. చదివి వద్దని ఉంటే నేనేమీ అనుకునేదాన్ని కాదు" అంది.

ఇరవై రెండేళ్ళలో ఎన్ని కాగితాలు అలా చదవకుండా తిప్పిపంపానో నాకు లెక్కలేదు. విహారయాత్రలు, ఈత, ఒక నాటకం, సైకిలు పోటీ. 2016 జూన్‌లో మన దుండిగల్ అకాడమీలోనే ముగ్గురు అమ్మాయిలు దేశంలో మొదటి మహిళా ఫైటర్ పైలట్లుగా చేరారు. మా ఇంటికి పట్టుమని గంట దూరం లేదు. పేపర్లో ఫొటో చూసి "భేష్" అని మా అమ్మాయికే చూపించాను. ఎవరో అమ్మల పిల్లలకి భేష్ అనడం సులువు.

పిల్లలు అడిగినదానికల్లా ఒప్పుకోవాలని నేను చెప్పడం లేదు. వద్దనవలసినవి చాలా ఉంటాయి, గట్టిగా వద్దనాలి. కానీ చదివి అందాం. నాలుగు ప్రశ్నలు రాసుకుని, సిగ్గుపడకుండా అడిగి అందాం. ప్రశ్నలడిగితే మొహం చిట్లించేవాళ్ళ దగ్గరికి పిల్లల్ని అసలు పంపొద్దు. నవ్వుతూ పుస్తకం తెరిచి చూపించేవాళ్ళయితే ఆలోచిద్దాం. భయం మనకి ఎలాగూ తప్పదు, తల్లులం. ఆ భయానికి ఒక కాగితం, కలం ఇచ్చి పని చెప్పవచ్చని మా చెల్లి దగ్గర నేర్చుకున్నాను. నాకన్నా ఆరేళ్ళు చిన్నది.

మా అబ్బాయి నిన్న ఇంటరు కాలేజీనుంచి ఏదో ట్రెక్కింగు కాగితం తెచ్చి ఫ్రిజ్ మీద పెట్టాడు. నా చేతికి ఇవ్వలేదు. నేనే తీసి రెండుసార్లు చదివాను. తొమ్మిది ప్రశ్నలు రాశాను. సోమవారం వెళ్ళి అడగాలి. సంతకం పెడతానో లేదో ఇంకా తెలియదు.

మీ ఇళ్ళలో ఇలాంటి కాగితాలు ఏమైనా వచ్చాయా? మీరేం చేశారు, ఏం అడిగారు? రాయండి. నా చీటీలో ఇంకా చోటుంది.